విషరహిత పచ్చిక: టొరంటో నగర అనుభవం, విస్తరణ రంగానికి పాఠాలు

పైరులో పురుగు కనిపించినప్పుడు మందు చల్లాలా, వద్దా అని నిర్ణయించడానికి వ్యవసాయ శాస్త్రానికి ఒక కొలత ఉంది. పురుగు ఉద్ధృతి పెరిగి, అది కలిగించే నష్టం నివారణ ఖర్చుకు సమానం కాబోయే దశను గుర్తించి, దానికి ముందే చర్య తీసుకోవాలని ఆర్థిక నష్టపరిమితి భావన బోధిస్తుంది. ఇంటి ముందరి పచ్చికకు, నగర ఉద్యానవనానికి, రహదారి మధ్య పెంచిన గడ్డికి ఈ కొలత వర్తించదు. అక్కడ కోసుకునే పంట లేదు, తూకం వేసి అమ్ముకునే దిగుబడి లేదు. నష్టమంతా చూసేవారి కంటికి కలిగే అసంతృప్తి మాత్రమే. అయినప్పటికీ ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో ఉత్తర అమెరికా నగరాల పచ్చికలపై కలుపు మందులు, కీటకనాశినులు ఏటా చల్లడం ఒక ఆనవాయితీగా మారింది. రైతు పొలంలో మందు చల్లితే కొన్నాళ్లు ఎవరూ అటు వెళ్లకుండా జాగ్రత్తపడవచ్చు. పచ్చిక మీద మాత్రం పసిపిల్లలు ప్రతిరోజూ పాకుతూ, దొర్లుతూ ఆడుకుంటారు.

ఈ ఆనవాయితీని మార్చడానికి పూనుకున్న నగరాల్లో కెనడాలోని టొరంటో ప్రముఖమైనది. దేశంలో అత్యధిక జనాభా గల ఈ నగరం 2003లో ఒక ఉపవిధిని ఆమోదించి, 2004 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చింది. ఆ నిర్ణయానికి దారితీసిన పరిస్థితులు, రసాయనాల స్థానంలో వచ్చిన పద్ధతుల పనితీరు, వాటి పరిమితులు, ఆ అనుభవం నుంచి మన విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు గ్రహించదగిన అంశాలు ఈ వ్యాసంలో వివరింపబడ్డాయి.

హడ్సన్ నుంచి టొరంటో వరకు

ఈ కథకు మూలం ఒక చిన్న పట్టణంలో ఉంది. క్విబెక్ రాష్ట్రంలో మాంట్రియల్‌కు పడమరగా ఉన్న హడ్సన్ జనాభా కొన్ని వేలకు మించదు. అక్కడి చర్మవైద్యురాలు డాక్టర్ జూన్ ఇర్విన్, తన వద్దకు వచ్చే రోగుల అనారోగ్యానికి పచ్చిక మందులతో సంబంధం ఉండవచ్చునని 1980 దశకంలో అనుమానించి, ఏళ్ల తరబడి పట్టణ సభ దృష్టికి తెచ్చారు. 1991లో ఆ సభ 270వ నంబరు ఉపవిధిని ఆమోదించి, పచ్చిక అందం కోసం మందులు చల్లడాన్ని నిలిపివేసింది. వ్యవసాయం వంటి అవసరాలకు మినహాయింపులు ఉంచింది.

పచ్చిక సంరక్షణ వ్యాపారంలో ఉన్న రెండు సంస్థలు ఈ ఉపవిధిని న్యాయస్థానంలో సవాలు చేశాయి. కేంద్ర ప్రభుత్వం నమోదు చేసి, రాష్ట్ర ప్రభుత్వం అనుమతించిన మందును ఒక పట్టణ సభ ఎలా ఆపగలదన్నది వారి వాదన. వివాదం దేశ సర్వోన్నత న్యాయస్థానం వరకు వెళ్లింది. 2001 జూన్ 28న ఆ న్యాయస్థానం ఏకగ్రీవంగా హడ్సన్ పక్షాన తీర్పు చెప్పింది. మందు విక్రయానికి అర్హమైనదా అన్నది పై ప్రభుత్వాలు తేల్చవలసిన విషయం. తమ హద్దుల్లో ఆ మందును ఏ అవసరానికి వాడవచ్చు అన్నది ప్రజారోగ్యం దృష్ట్యా స్థానిక సంస్థ కూడా నిర్ణయించుకోవచ్చు. పై చట్టం అనుమతించిన దానికంటే స్థానిక నిబంధన కఠినంగా ఉన్నంత మాత్రాన రెండింటికీ వైరుధ్యం ఉన్నట్లు కాదన్నది ఆ తీర్పు సారాంశం.

ఈ తీర్పులో తెలుగు పాఠకులు ప్రత్యేకంగా గమనించదగిన అంశం ఒకటి ఉంది. ప్రధాన అభిప్రాయం రాసిన న్యాయమూర్తి క్లేర్ లూరో-దుబే, హాని పూర్తిగా రుజువు కాలేదన్న కారణంతో నివారణ చర్యను వాయిదా వేయరాదనే ముందుజాగ్రత్త సూత్రాన్ని ప్రస్తావించి, దానికి అంతర్జాతీయ ఆమోదం ఉందని చూపడానికి భారత సుప్రీంకోర్టు తీర్పులను ఉదహరించారు. వాటిలో ఒకటి ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికి, ప్రొఫెసర్ ఎం. వి. నాయుడుకు మధ్య 1999లో వెలువడిన తీర్పు. హైదరాబాద్ నగరానికి తాగునీరు అందించే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతంలో ఆముదపు నూనె ఆధారిత పరిశ్రమను అనుమతించవచ్చా అన్నది అందులోని వివాదం. జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన ఆ తీర్పు, పర్యావరణానికి హాని జరగదని నిరూపించవలసిన బాధ్యత పరిశ్రమ స్థాపించదలచిన వారిపైనే ఉంటుందన్న సూత్రాన్ని విపులంగా చర్చించింది. గండిపేట చెరువు నీటి కోసం జరిగిన వాదన, రెండేళ్ల తరువాత కెనడాలో ఒక చిన్న పట్టణపు పచ్చికకు అండగా నిలిచింది.

హడ్సన్ తీర్పు తరువాత కెనడాలోని అనేక పురపాలక సంస్థలు ఇటువంటి ఉపవిధులు చేశాయి. టొరంటో నగర సభ 2003 మేలో చేసిన నిర్ణయం వాటిలో ముఖ్యమైనది. పురుగుమందుల పరిశ్రమ సంఘం దీనినీ సవాలు చేసింది. 2005లో ఒంటారియో రాష్ట్ర అప్పీలు న్యాయస్థానం ఉపవిధిని సమర్థించింది. ఆపై అప్పీలుకు సర్వోన్నత న్యాయస్థానం అదే ఏడాది అనుమతి నిరాకరించడంతో న్యాయపరమైన అడ్డంకులు తొలగాయి.

ప్రశ్న మారిన తీరు

టొరంటో ఉపవిధి వెనుక ఉన్న శాస్త్రీయ వాతావరణాన్ని విద్యార్థులు నిష్పాక్షికంగా అర్థం చేసుకోవలసి ఉంది. అందరు శాస్త్రవేత్తలూ ఏకాభిప్రాయంతో ఈ మందులు ప్రమాదకరమని తేల్చిన తరువాత నగరం చర్య తీసుకోలేదు. ఒంటారియో కుటుంబ వైద్యుల కళాశాల 2004లో అప్పటి పరిశోధనలను సమీక్షించి, పురుగుమందులకు గురికావడాన్ని వీలైనంత తగ్గించుకోవాలని సూచించింది. మరోవైపు, కెనడా ప్రభుత్వ పురుగుమందుల నియంత్రణ సంస్థ 2,4-డి కలుపు మందును పునఃసమీక్షించి, సూచనల ప్రకారం వాడితే దాని వల్ల కలిగే ప్రమాదం ఆమోదయోగ్యమైన స్థాయిలోనే ఉంటుందని 2008లో తేల్చింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అదే మందును 2015లో క్యాన్సర్ కారకం కావడానికి అవకాశం ఉన్నదనే 2బి వర్గంలో చేర్చింది. ఆధారాలు పరిమితమని కూడా పేర్కొంది.

ఇన్ని అభిప్రాయాల నడుమ నగరం వేసుకున్న ప్రశ్న వేరు. ‘ఈ మందు సురక్షితమా?’ అని నియంత్రణ సంస్థ అడుగుతుంది. ‘ఈ పనికి ఈ మందు అవసరమా?’ అని టొరంటో అడిగింది. ఆహారోత్పత్తిలోనో, వ్యాధుల నివారణలోనో మందు వాడకానికి ప్రయోజనం ఉంది గనుక కొంత ప్రమాదాన్ని సమాజం అంగీకరిస్తుంది. అందం తప్ప మరే ప్రయోజనం లేని చోట కొద్దిపాటి అనిశ్చితిని కూడా భరించవలసిన పని లేదన్నది దీని వెనుక ఉన్న తర్కం. అందువల్లనే ఇటువంటి వాడకాన్ని కెనడాలో ‘అలంకార వాడకం’ అని వ్యవహరించారు.

ఉపవిధి స్వరూపం

టొరంటో ఉపవిధి పురుగుమందులను సంపూర్ణంగా నిషేధించలేదు. ఆరుబయట వాడకాన్ని పరిమితం చేస్తూ, ప్రజారోగ్యానికి ముప్పు కలిగించే జీవుల నివారణకు, గణనీయమైన నష్టం కలిగించేంతగా పురుగు ఉద్ధృతి పెరిగిన సందర్భాలకు మినహాయింపు ఇచ్చింది. తక్కువ ప్రమాదం గల పదార్థాలను అనుమతించింది. క్రిమినాశక సబ్బులు, ఉద్యాన నూనెలు, బాసిల్లస్ తురింజియెన్సిస్ వంటి సూక్ష్మజీవులు, పురుగులను చంపే నులిపురుగులు, గంధకం, ఎసిటిక్ ఆమ్లం మొదలైనవి ఈ కోవలోనివి.

విస్తరణ దృష్టితో చూస్తే ఉపవిధిలోని నిబంధనల కంటే దాని అమలు క్రమం ముఖ్యమైనది. 2004లో ఉపవిధి అమలులోకి వచ్చినా వెంటనే జరిమానాలు మొదలు కాలేదు. మొదటి దశ పూర్తిగా ప్రజలకు అవగాహన కల్పించడానికి కేటాయించారు. పచ్చిక సంరక్షణ సంస్థలపై జరిమానాలు 2005 సెప్టెంబరు నుంచి, గృహయజమానులపై 2007 సెప్టెంబరు నుంచి వర్తింపజేశారు. వృత్తిగా చేసేవారికి దాదాపు ఏడాదిన్నర, సామాన్యులకు మూడేళ్లకు పైగా నేర్చుకునే గడువు లభించింది. నగర ప్రజారోగ్య విభాగం ఈ బాధ్యతను స్వీకరించింది. శిక్షణ ముందు, శిక్ష తరువాత అన్న ఈ క్రమమే ఉపవిధి నిలదొక్కుకోవడానికి తోడ్పడిన ముఖ్య కారణాల్లో ఒకటిగా భావించవచ్చు.

ప్రత్యామ్నాయం అంటే మరో సీసా కాదు

ఒక రసాయనాన్ని తీసివేసి, అదే పని అదే వేగంతో చేసే మరొక ద్రవాన్ని ఇవ్వాలని వాడకందారులు ఆశించడం సహజం. పచ్చిక విషయంలో అటువంటి ద్రవం లేదు. 2,4-డి, డికాంబా, మెకోప్రాప్ మిశ్రమం గడ్డికి హాని చేయకుండా వెడల్పాకు కలుపును వేళ్లతో సహా చంపేది. ఒకే పిచికారీలో ఇంత పని చేసే పర్యావరణహిత మందు ఏదీ లేనందున, ప్రత్యామ్నాయాన్ని సాగు పద్ధతుల్లో వెదకవలసి వచ్చింది.

కలుపు ఎక్కడ మొలుస్తుంది? గడ్డి పలచబడిన చోట, నేల గట్టిపడిన చోట, నేల మీద ఎండ నేరుగా పడే చోట. టొరంటోలో పెరిగే కెంటకీ బ్లూగ్రాస్, రైగ్రాస్, ఫెస్క్యూ వంటి చలి ప్రాంతపు గడ్డి జాతులను పొట్టిగా కత్తిరిస్తే వేళ్లు పైపైనే ఉండిపోతాయి. 6 నుంచి 8 సెంటీమీటర్ల ఎత్తులో కత్తిరిస్తే ఆకు విస్తీర్ణం పెరిగి వేళ్లు లోతుకు దిగుతాయి. గడ్డి నీడ పడటంతో వెలుతురు అవసరమైన కలుపు విత్తనాల మొలక తగ్గుతుంది. కత్తిరించిన తుంపులను అక్కడే వదిలితే వాటిలోని నత్రజని తిరిగి నేలకు చేరుతుంది. రోజూ కొద్దికొద్దిగా తడపడానికి బదులు వారానికి సుమారు 2.5 సెంటీమీటర్ల నీటిని ఒకటి రెండు తడులుగా ఇవ్వడం, గట్టిపడిన నేలకు రంధ్రాలు చేసి గాలి ఆడనివ్వడం, పలుచగా కంపోస్టు చల్లడం, వేసవి చివర పలచబడిన చోట గడ్డి విత్తనం తిరిగి చల్లడం ఈ యాజమాన్యంలో భాగాలు. పైరు ఒత్తుగా ఉంటే కలుపు అణుగుతుందన్న సూత్రం వరి, వేరుశనగ రైతులకు తెలిసినదే. టొరంటో వాసులు దానిని పచ్చికకు అన్వయించుకున్నారు.

సాగు పద్ధతులకు తోడుగా వాడే పదార్థాలలో కొన్నింటి పనితీరును వివరంగా పరిశీలించవచ్చు.

మొక్కజొన్న గ్లూటెన్: మొక్కజొన్న నుంచి పిండిపదార్థం తీయగా మిగిలే ఉపోత్పత్తి ఇది. అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త నిక్ క్రిస్టియన్స్ 1980 దశకంలో గోల్ఫ్ గడ్డిపై వేరే ప్రయోగం చేస్తూ, మొక్కజొన్న పిండి గడ్డి విత్తనాల స్థాపనను అడ్డుకుంటున్నదని గమనించారు. గ్లూటెన్‌లోని చిన్న పెప్టైడులు మొలకెత్తే విత్తనంలో వేరు ఏర్పడకుండా చేస్తాయి. వేరు లేని మొలక కొద్దిపాటి బెట్టకే ఎండిపోతుంది. ఇక్కడ మూడు పరిమితులు ఉన్నాయి. ఇది ఇప్పటికే స్థిరపడిన కలుపుపై పనిచేయదు. మొలక దశలో తడి ఎక్కువైతే మొలకలు తిరిగి వేరు తొడుగుతాయి. కలుపు విత్తనాన్ని, గడ్డి విత్తనాన్ని వేరు చేయలేదు గనుక తిరిగి విత్తే సమయంలో దీన్ని వాడరాదు. సిఫార్సు చేసిన మోతాదు చదరపు మీటరుకు సుమారు 98 గ్రాములు, అంటే హెక్టారుకు దాదాపు ఒక టన్ను. ఇందులో దాదాపు 10 శాతం నత్రజని ఉంటుంది గనుక ఒక్క వాడకంతోనే హెక్టారుకు సుమారు 98 కిలోల నత్రజని చేరుతుంది. కలుపు మందుగా భావించి వాడేవారు దీనిని ఎరువుల లెక్కలోనూ చేర్చకపోతే గడ్డికి అవసరానికి మించిన నత్రజని అందుతుంది.

పురుగులను చంపే నులిపురుగులు: టొరంటో పచ్చికకు ప్రధాన శత్రువు వేళ్లను తినే పెంకుపురుగుల పిల్లపురుగులు. రాయలసీమ వేరుశనగలో హోలోట్రైకియా జాతి వేరుపురుగు చేసే నష్టం వంటిదే ఇది. వీటిపై గతంలో కార్బరిల్, ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు వాడేవారు. వాటి స్థానంలో హెటెరోరాబ్డైటిస్ బాక్టీరియోఫోరా అనే నులిపురుగును వాడుతున్నారు. ఇది పిల్లపురుగు శరీరంలోకి చొరబడి, తనతో సహజీవనం చేసే ఫోటోరాబ్డస్ బాక్టీరియాను విడుదల చేస్తుంది. ఆ బాక్టీరియా వృద్ధి చెంది పురుగును చంపుతుంది. సాధారణ మోతాదు హెక్టారుకు 250 కోట్ల నులిపురుగులు. నేల ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా ఉండాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు వీటిని చంపుతాయి గనుక సాయంత్రం చల్లాలి. చల్లే ముందూ, తరువాతా నేల తడిగా ఉండాలి. పురుగు చిన్న దశలో ఉండే వేసవి చివరి వారాలే సరైన అదను. జపాన్ పెంకుపురుగుపై ఇవి బాగా పనిచేస్తే, యూరోపియన్ చేఫర్ పిల్లపురుగు వీటికి అంత సులువుగా లొంగదు. పురుగు జాతిని గుర్తించకుండా చల్లినవారికి నిరాశ ఎదురవడానికి ఇదొక కారణం.

ఇనుప కీలేట్: హెచ్‌ఇడిటిఎ అనే కర్బన పదార్థంతో బంధించిన ఇనుము ద్రావణాన్ని పిచికారీ చేస్తే వెడల్పాకు మొక్కలు అధిక మోతాదులో ఇనుమును గ్రహిస్తాయి. కణాలలో ఆక్సీకరణ నష్టం జరిగి కొద్ది గంటల్లోనే ఆకులు నల్లబడతాయి. గడ్డి ఇనుమును తక్కువగా గ్రహిస్తుంది గనుక తట్టుకొని, మరింత పచ్చగా కనిపిస్తుంది. గడ్డిని వదలి కలుపును మాత్రమే అణచే లక్షణం ఉన్నందున దీనికి ఆదరణ లభించింది. అయితే డాండెలైన్ వంటి లోతైన తల్లివేరు గల కలుపు మళ్లీ చిగురిస్తుంది గనుక పలుమార్లు చల్లవలసి వస్తుంది. ఖర్చు పెరుగుతుంది. సిమెంటు బాటపై పడితే తుప్పు మరకలు మిగులుతాయి.

ఎసిటిక్ ఆమ్లం: ఇది తగిలిన పచ్చని భాగాన్ని మాత్రమే మాడ్చుతుంది. గడ్డికి, కలుపుకు తేడా చూపదు. అందువల్ల రాళ్ల సందుల్లో, బాటల అంచుల్లో ఏకవార్షిక కలుపు లేత దశలో ఉన్నప్పుడు ఉపయోగకరం. బహువార్షిక కలుపు వేరు నుంచి తిరిగి లేస్తుంది.

అంతఃశిలీంధ్రం గల గడ్డి: కొన్ని రైగ్రాస్, ఫెస్క్యూ రకాలలో ఎపిక్లోయి అనే శిలీంధ్రం మొక్క లోపలే నివసిస్తూ, రసం పీల్చే చించ్ నల్లి వంటి పురుగులు దరిచేరకుండా చేసే ఆల్కలాయిడ్లను ఉత్పత్తి చేస్తుంది. చచ్చిన గడ్డి స్థానంలో ఇటువంటి రకాల విత్తనం చల్లితే పురుగు సమస్య క్రమంగా తగ్గుతుంది. ఈ శిలీంధ్రం విత్తనం ద్వారా సంక్రమిస్తుంది. నిల్వలో విత్తనం కంటే ముందే నశిస్తుంది గనుక తాజా విత్తనం వాడాలి. ఈ శిలీంధ్రపు ఆల్కలాయిడ్లలో కొన్ని పశువులకు హానికరం. కాబట్టి పచ్చికకు వరమైనది పశుగ్రాసానికి శాపం కావచ్చు.

సహజమైనదంతా సురక్షితమా?

ప్రత్యామ్నాయాల పట్ల ఉత్సాహం చూపే విద్యార్థులు ఈ ప్రశ్నను తప్పక వేసుకోవాలి. వంటింటి వెనిగర్ ఆహారమే అయినా, 20 శాతం గాఢత గల ఎసిటిక్ ఆమ్లం కళ్లకు తీవ్ర హాని కలిగిస్తుంది. చామంతి జాతి పూల నుంచి తీసే పైరిత్రిన్లు తేనెటీగలకు, చేపలకు విషం. మొక్కల వేళ్ల నుంచి లభించే రోటెనోన్ చాలాకాలం సేంద్రియ సాగులో ఆమోదం పొందింది. ఎలుకలపై జరిగిన ప్రయోగాల్లో పార్కిన్సన్స్ వ్యాధిని పోలిన లక్షణాలు కనిపించిన తరువాత దాని వాడకం అనేక దేశాల్లో తగ్గిపోయింది. కలుపుపై ఉప్పు చల్లడం వంటి చిట్కాలు నేలనే పాడుచేస్తాయి.

జీవనియంత్రణ కారకాలను ఒక దేశం నుంచి మరొక దేశానికి తెచ్చేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు స్క్లెరోటీనియా మైనర్ అనే శిలీంధ్రపు ఒక విభేదాన్ని బార్లీ గింజలపై పెంచి, డాండెలైన్‌పై జీవకలుపునాశినిగా అభివృద్ధి చేశారు. గడ్డి దీనికి లొంగదు గనుక అక్కడి పచ్చికలో ఇది అర్థవంతమైన ఆలోచన. ఇదే శిలీంధ్ర జాతి వేరుశనగపై స్క్లెరోటీనియా మాడు తెగులును కలిగిస్తుంది. వేరుశనగ విస్తారంగా సాగయ్యే ప్రాంతానికి దీనిని తేవాలన్న ఆలోచనే ప్రమాదకరం. ప్రత్యామ్నాయం పర్యావరణహితమా కాదా అన్నది ఆ పదార్థపు స్వభావం ఒక్కటే నిర్ణయించదు. అది ఏ నేలలో, ఏ పైరు పక్కన వాడుతున్నామో కూడా చూడాలి.

ఫలితాలు, విమర్శలు

నగరాల ఉపవిధుల ఆధారంగా ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వం ఒక చట్టం చేసి, 2009 ఏప్రిల్ 22 నుంచి రాష్ట్రమంతటా అలంకార వాడకాన్ని నిషేధించింది. ఆ రోజు ధరిత్రి దినం. వాడకంతో పాటు విక్రయాన్ని కూడా నియంత్రించడం ఈ చట్టం ప్రత్యేకత. పురపాలక ఉపవిధి వాడకాన్ని ఆపగలిగినా దుకాణంలో అమ్మకాన్ని ఆపలేకపోయింది. వ్యవసాయానికి, అడవులకు, ప్రజారోగ్యానికి చట్టం మినహాయింపు ఇచ్చింది. గోల్ఫ్ మైదానాలకు మాత్రం షరతులతో కూడిన మినహాయింపు లభించింది. సమగ్ర సస్యరక్షణలో గుర్తింపు పొంది, ఏ మందు ఎంత వాడారో ఏటా వెల్లడించాలని నిర్దేశించారు.

నిషేధానికి ముందూ తరువాతా ఒంటారియో పట్టణ వాగుల్లో నీటి నమూనాలను పరీక్షించగా, 2,4-డి, డికాంబా, మెకోప్రాప్‌ల సాంద్రత నిషేధం తరువాత గణనీయంగా తగ్గినట్లు వెల్లడైంది. పచ్చికపై చల్లిన మందు అక్కడితో ఆగదని, వాననీటితో వాగుకు చేరుతుందని, చల్లడం మానితే వాగు త్వరగా తేరుకుంటుందని ఈ పరిశీలన స్పష్టం చేసింది.

విమర్శలూ లేకపోలేదు. కేంద్ర నియంత్రణ సంస్థ ఆమోదించిన మందులను నిషేధించడం శాస్త్రానికి విరుద్ధమని పరిశ్రమ వర్గాలు వాదించాయి. ఆటస్థలాల్లో కలుపు పెరిగితే గడ్డి పట్టు తగ్గి క్రీడాకారులు జారిపడే అవకాశం ఉందని మైదానాల నిర్వాహకులు ఆందోళన చెందారు. రంధ్రాలు చేయడం, తిరిగి విత్తడం, చేతితో పీకడం వంటి పనులకు కూలీ ఖర్చు పెరుగుతుంది. వసంతంలో ఉద్యానవనాలు డాండెలైన్ పూలతో పసుపుపచ్చగా మారడం కొందరికి నచ్చలేదు. వీటిలో చివరిది మినహా మిగిలినవి తోసిపుచ్చదగినవి కావు. రసాయనం చేసే పనిని శ్రమ, జ్ఞానం కలిసి చేయాలంటే ఆ రెండింటికీ నిధులు కేటాయించవలసి ఉంటుంది. ఆ కేటాయింపు లేని నిషేధం కాగితానికే పరిమితమవుతుంది.

మన నగరాలకు అన్వయం

టొరంటో నమూనాను యథాతథంగా తెలుగు రాష్ట్రాల నగరాలకు తేవడం సరికాదు. మన నగరాల్లో పురుగుమందుల వాడకం పచ్చిక కంటే దోమలు, చెదలు, బొద్దింకల చుట్టూ ఎక్కువగా తిరుగుతుంది. వీటిలో దోమల నివారణ ప్రజారోగ్య అవసరం గనుక అలంకార వాడకం కిందికి రాదు. అయినా అక్కడ కూడా పొగ మందుకు ముందు నీటి నిల్వల తొలగింపు, దోమ పిల్లలను మాత్రమే చంపే బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్ వంటి జీవకారకాల వాడకం జరగాలన్న క్రమం వర్తిస్తుంది.

చట్టపరంగానూ తేడా ఉంది. 1968 నాటి కీటకనాశినుల చట్టం ప్రకారం మందుల నమోదు కేంద్రం పరిధిలోనిది. రాష్ట్ర ప్రభుత్వం ఒక మందును పరిమిత కాలానికి, సాధారణంగా 60 రోజుల వరకు, ఆపగలదు. పురపాలక సంస్థకు పౌరులందరికీ వర్తించే నిషేధం విధించడం సులువు కాదు. తన సొంత స్థలాల్లో ఏమి చల్లాలో, ఏమి చల్లకూడదో నిర్ణయించుకోవడానికి మాత్రం నగరపాలక సంస్థకు, పాఠశాలకు, విశ్వవిద్యాలయ ప్రాంగణానికి కొత్త చట్టమేదీ అవసరం లేదు.

అటువంటి స్థలాల్లో పనికి కొరత లేదు. మన పచ్చికల్లో గరిక జాతి గడ్డిని, దానిలోకి చొరబడే తుంగను తగిన ఎత్తులో కత్తిరించడం, నీటి యాజమాన్యం ద్వారా ఎంతవరకు అదుపు చేయవచ్చో స్థానిక ప్రయోగాలతో తేల్చాలి. చలి ప్రాంతపు గడ్డికి సరిపోయిన 6–8 సెంటీమీటర్ల ఎత్తు పొట్టిగా పాకే గరికకు సరిపోదు. ఖాళీ స్థలాల్లో వ్యాపించే వయ్యారిభామపై 1984లో భారతదేశంలో ప్రవేశపెట్టిన మెక్సికన్ పెంకుపురుగు జైగోగ్రామా వర్షాకాలంలో ఆకులు తిని మొక్కను బలహీనపరుస్తుంది. వేసవిలో అది నేలలో నిద్రావస్థలో ఉంటుంది గనుక పూతకు ముందే మొక్కను పీకడం, పోటీ మొక్కలను పెంచడం దానికి తోడు కావాలి. ఇంటి మిద్దె తోటల్లో వేపగింజల కషాయం, పసుపు జిగురు అట్టల వాడకంపై శిక్షణకు మంచి అవకాశం ఉంది.

స్థానిక నిర్ణయం, ప్రత్యామ్నాయ జ్ఞానం కలిస్తే ఏమి సాధ్యమో చూడటానికి కెనడా వరకు వెళ్లనవసరం కూడా లేదు. నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామ రైతులు 2000 దశకపు తొలి సంవత్సరాల్లో పత్తిలో రసాయన పురుగుమందులు మాని, వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటల వంటి పద్ధతులతో సాగు చేసి, తమ గ్రామాన్ని పురుగుమందులు లేని గ్రామంగా ప్రకటించుకున్నారు. టొరంటోలో పచ్చిక అందం ప్రశ్న అయితే, పునుకులలో అప్పులు, ఆరోగ్యం, బతుకుతెరువు ప్రశ్నలు. రెండు చోట్లా మార్పు నిలిచింది మాత్రం మందు మానినవారి చేతికి మరో పద్ధతి ముందుగానే అందినందువల్ల.

ముగింపు

టొరంటో అనుభవం విస్తరణ శాస్త్రానికి మూడు విషయాలను స్పష్టం చేస్తుంది. మొదటిది, మందు సురక్షితమా అన్న ప్రశ్నకు ముందు అది అవసరమా అన్న ప్రశ్న వేయాలి. రెండవది, పర్యావరణహిత ప్రత్యామ్నాయాలు వాడేవారి నుంచి అదను, ఉష్ణోగ్రత, తేమ, పురుగు జాతి గురించిన జ్ఞానాన్ని కోరుతాయి. ఆ జ్ఞానం అందకపోతే వైఫల్యాన్ని పద్ధతికి అంటగట్టి వాడకందారు తిరిగి పాత సీసా వద్దకే వెళ్తాడు. మూడవది, నిషేధానికీ జరిమానాకూ నడుమ బోధనకు తగిన వ్యవధి ఉండాలి.

నగర పచ్చిక వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చిన్న విషయంగా కనిపించవచ్చు. అయితే రైతుకు మందులు తగ్గించమని సలహా ఇచ్చే సంస్థ ప్రాంగణంలోని పచ్చికపై ఏమి చల్లుతున్నారో చూసి వెళ్లే సందర్శకులూ, పిల్లలూ, రైతులూ ఉంటారు. ఆ పచ్చికలోనే ప్రత్యామ్నాయ పద్ధతుల ప్రదర్శన క్షేత్రాన్ని ఏర్పాటు చేసి, అయిన ఖర్చును, కూలీ దినాలను, కలుపు సాంద్రతను ఏటా నమోదు చేస్తే, మన వాతావరణానికి తగిన సిఫార్సులు రూపొందించడానికి అవసరమైన ఆధారాలు లభిస్తాయి.